బులోన్‌లో విప్పిన కవర్లు

మహాయుద్ధంలో మన సిపాయిలు: 7వ భాగం

1915 మార్చి 10న నవ్ షపెల్ మీద మొదలైన దాడి మూడు రోజుల్లో ఎలా చల్లారిపోయిందో కిందటి వారం చూశాం. దక్కింది ఒక చిన్న ఊరు, దాని చుట్టూ కాస్త బురద నేల. ఆ మాత్రానికే ఇండియన్ కోర్‌లో చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిసి నాలుగు వేల పైచిలుకు తేలారు. మిగిలినవాళ్లు కందకాల నుంచి వెనక్కి వచ్చి, తడిసిన పట్టీలు విప్పుకుని, రాయడం వచ్చినవాడి చుట్టూ చేరారు. ఇంటికి జాబు రాయించుకోవాలి.

ఆ వసంతకాలంలో ఫ్రాన్సులో ఉన్న మన సిపాయిలు వారానికి పదివేల నుంచి ఇరవై వేల దాకా ఉత్తరాలు పంపుతున్నారని సైన్యం వేసుకున్న లెక్క. చాలామంది చదువు రానివాళ్లే. నెలకు 11 రూపాయల జీతం మీద ఊరు దాటి వచ్చినవాళ్లు. పల్టన్‌లో నాలుగు ముక్కలు రాయగలిగిన వాడొకడుంటే వాడి చుట్టూ పదిమంది. వీడు చెబుతుంటే వాడు రాస్తాడు. భార్యతో చెప్పాల్సిన మాటైనా, అన్నదమ్ముల మధ్య తగవైనా తోటివాళ్ల ముందే చెప్పాలి. అవతల ఊళ్లోనూ అదే తంతు. టపా మోసుకొచ్చినవాడో, పట్వారీయో, బడిపంతులో అరుగు మీద కూర్చుని చదివితే ఇంటిల్లిపాదితో పాటు వీధి వీధంతా వింటుంది. మనకు ఉత్తరం అంటే ఇద్దరి మధ్య గుట్టు. ఆ సిపాయికి మాత్రం జాబంటే నలుగురిలో మాట్లాడే మాటే. ఇది గుర్తుంచుకోకుండా ఆ ఉత్తరాలు చదివితే వాటిలోని సగం సంగతి జారిపోతుంది.

ఆ రాయించినవాడికి, చదివించుకునేవాళ్లకి మధ్య మూడో మనిషొకడు కూర్చుని ఉన్నాడు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1913 నవంబరులో మొదలైన గదర్ పార్టీ పత్రిక, బ్రిటిష్ పాలన మీద తిరగబడమంటూ, దేశదేశాలకు పాకుతోంది. (మన కనిగిరి ప్రాంతం నుంచి చదువుకని అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్య ఆ పార్టీలోనే చేరి, పట్టుబడి జైళ్ల పాలయ్యాడు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ దొరికితే విడవకండి.) ఆ పత్రికలు ఫ్రాన్సులోని సిపాయిల చేతికి చేరితే ఏమవుతుందోనని తెల్లదొరలకు గుబులు పట్టుకుంది. దాంతో భారతీయుల టపా కోసమే ప్రత్యేకంగా సెన్సారు ఏర్పాటు చేశారు. దానికి పెద్దగా వచ్చినవాడు ఈవ్లిన్ హోవెల్, ఇండియన్ సివిల్ సర్వీసు మనిషి. మన భాషలు చదవగలిగిన కొద్దిమందిని వెంటపెట్టుకుని ఉత్తర ఫ్రాన్సు రేవు పట్నం బులోన్‌లో పని సాగించాడు. సిపాయిలు పంపేవే కాదు, వాళ్లకు ఇండియా నుంచి వచ్చేవీ, ఇంగ్లండు ఆసుపత్రుల్లో ఉన్న క్షతగాత్రులు రాసేవీ ఆ బల్ల మీదికే చేరేవి.

వేలకు వేల కవర్లు విప్పి చదవడం ఆ నలుగురైదుగురి వల్ల అయ్యే పని కాదు. అందుకని కొన్ని కొన్ని తీసి చూసేవారు. అసలు చాలా జాబులను పల్టన్‌లోని ఇంగ్లీషు అధికారి ముందే ఒకసారి తిరగేసి పంపేవాడు. బులోన్‌లో జరిగింది రెండో వడపోత. హోవెల్ తెలివి ఎక్కడుందంటే, ఆయన ఉత్తరాలు ఆపడం మీద పెద్దగా మనసు పెట్టలేదు. ఆపేస్తే సిపాయి నోరు మూసుకుంటాడు, అప్పుడు వాడి మనసులో ఏముందో ఎవడికీ తెలియదు. పోనిస్తూ వినడమే మేలనుకున్నాడు. వారం వారం పటాలం మనోధైర్యం ఎలా ఉందో ఒక నివేదిక రాసేవాడు. దానికి వెనకాల, ఆ వారం చదివిన ఉత్తరాల్లోంచి ఏరిన భాగాలను ఇంగ్లీషులోకి మార్చి జతపరిచేవాడు. ఆ కాగితాలు లండన్‌లో ఇండియా ఆఫీసు దాకా పోయేవి.

ఆ కాగితాలే ఇప్పుడు మిగిలాయి. బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు దస్త్రాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలోంచి ఆరు వందలకు పైగా ఉత్తరాలను ఏరి డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు 1999లో పుస్తకంగా తెచ్చాక లోకానికి బాగా తెలిశాయి. మరి సిపాయి చెప్పగా రాసిన అసలు కాగితం? అది ఊరికి చేరింది. చేరాల్సిన చోటికే చేరింది. అక్కడ చేతులు మారి, దూలం సందులో దోపబడి, వానకు నాని, చెదలు పట్టి, నూటికి తొంభై పాళ్లు మట్టిలో కలిసింది. అనుమానంతో చదివినవాడు దాచాడు. ప్రాణంగా ఎదురుచూసినవాళ్ల దగ్గర నిలవలేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒకరికి బీరువాలూ గుమాస్తాలూ ఉన్నారు, ఇంకొకరికి ఉన్నది పూరిల్లు.

ఇంతకీ ఏం రాశారు?

యుద్ధం గురించి అనుకున్నంత ఉండదు. పటాలం ఎక్కడుంది, ఎటు కదులుతోంది అన్నవి రాయకూడదు. అది తెలిసినవాళ్లు ఎక్కువగా ఇంటి సంగతులే అడిగారు. వానలు పడ్డాయా, ఎద్దు ఎంతకు పోయింది, తాకట్టు విడిపించారా, కోర్టు వాయిదా ఏమైంది, నేను పంపించమన్న డబ్బు చేతికి అందిందా, చెల్లెలి పెళ్లి నేను వచ్చేదాకా ఆపుతారా. గుండ్ల వాన కింద కూర్చున్న మనిషి ఎకరం నేల గట్టు తగాదా గురించి అంత పట్టుగా రాయించడం మొదట చదివినప్పుడు వింతగా ఉంటుంది. నాకు మాత్రం ఈ దస్త్రాల్లో అన్నిటికంటే విలువైనవి ఆ వాక్యాలే అనిపిస్తాయి. ఇటువంటి వివరాలు సేనాధిపతుల జ్ఞాపకాల్లో ఉండవు, పటాలం డైరీల్లో ఉండవు. 1915లో ఒక చిన్న రైతు దేన్ని చూసి భయపడ్డాడో, దేని మీద ఆశపెట్టుకున్నాడో అతని నోటి మాటగా మనకు దొరికే చోటు ఇంకోటి లేదు.

చావును గురించి రాసినప్పుడు మాత్రం మాట మారిపోతుంది. ఇది యుద్ధం కాదు, లోకం అంతమైపోవడమే అని ఒకడు వాపోయాడు. మహాభారతంలో విన్న యుద్ధం ఇలాగే ఉండి ఉంటుందన్నాడు. పైరు కోసినట్టు మనుషులు పడుతున్నారని పలువురు రాశారు. రైతు కళ్లకు కనిపించిన పోలిక అదే. ఇలాంటి రాతలతో పాటు కవిత్వం కూడా పెరగసాగింది. జాబుల్లో పద్యాలు ఎక్కువవుతున్నాయని, ఇది మనసు కలత పడుతున్నదానికి గుర్తుగా తోస్తోందని హోవెల్ 1915 మొదట్లోనే పైవాళ్లకు రాశాడు. పద్యం రాస్తే ప్రమాదం అని సర్కారు దస్త్రంలోకెక్కిన సందర్భం మన చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో గానీ, ఆయన లెక్క తప్పలేదు. దుఃఖాన్ని నేరుగా చెప్పలేని వాళ్లు పాటలో పెట్టి చెబుతున్నారు.

సెన్సారు ఉన్నాడని తెలిసిన తర్వాత సంకేతాలు వచ్చాయి. అన్నిట్లోకీ పేరుపడ్డది మిరియాల భాష. మిరియాలంటే మన సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్ల సిపాయిలు. ఇక్కడ నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయి, ఎర్ర మిరపకాయలు కొద్దికొద్దిగానే వాడుతున్నారు అని రాస్తే, అవతల ఊళ్లో పదేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. మమ్మల్ని ముందు పెట్టి చంపుతున్నారు, వాళ్లు వెనక ఉన్నారు, తమ్ముణ్ణి పటాలంలో చేర్చకండి అని. బులోన్‌లోని బల్ల దగ్గర కూడా అది అర్థమైంది కాబట్టే ఆ వాక్యం ఇవాళ మనదాకా వచ్చింది. ఇంకొందరు పండ్ల భాష వాడారు. ఇక్కడ తోటల్లో పండ్లు విరగకాశాయి, రోజంతా తోటల్లోనే తిరుగుతున్నాం అని ఊళ్లోని స్నేహితుడికి రాసినవాడు పండ్ల గురించి రాయలేదని అధికారులకు తెలియకపోలేదు. ఆ సంగతి వాళ్లను ఓటమి కంటే ఎక్కువ కంగారు పెట్టింది. నల్లవాడికీ తెల్ల స్త్రీకీ మధ్య చనువు అనే మాట వింటేనే ఆనాటి ఇంగ్లీషు అధికారులకు వణుకు.

నిజానికి ఫ్రెంచి స్త్రీల గురించిన రాతల్లో మనసుకు పట్టేవి వేరే ఉన్నాయి. ఒక సిపాయి తాను బస చేసిన ఇంటి ముసలమ్మ గురించి ఊరికి రాశాడు. ఆమె కొడుకులు కూడా యుద్ధంలోనే ఉన్నారు. ఇతనికి బట్టలు ఉతికి పెట్టింది, పక్క సర్దింది, పొద్దున్నే పాలో కాఫీయో తాగనిదే కదలనిచ్చేది కాదు. పటాలం కదిలిన రోజున భుజం మీద తల పెట్టి ఏడ్చి, దారి ఖర్చులకు ఉంచుకోమని అయిదు ఫ్రాంకులు చేతిలో పెట్టబోయింది. సొంత కొడుకుల ఆచూకీ తెలియని ఒక తల్లి, పరాయి దేశపు సిపాయి చేతిలో డబ్బు పెట్టడం ఏ యుద్ధ చరిత్రలోనూ అంకెలకు ఎక్కదు. ఆ దేశంలో ఆడవాళ్లు చదువుకుని, లెక్కలు చూసుకుంటూ, మగదిక్కు లేకుండానే పొలాలు నడుపుకోవడం చూసి, మన ఆడపిల్లలను కూడా బడికి పంపండి అని ఇంటికి గట్టిగా చెప్పి రాయించినవాళ్లూ ఉన్నారు. యూరప్ నుంచి తిరిగొచ్చిన సిపాయి ఏం తెచ్చుకున్నాడు అంటే తుపాకీ పేల్చే నేర్పొక్కటే కాదు.

గాయపడ్డవాళ్లను సముద్రం దాటించి ఇంగ్లండు చేర్చేవారు. బ్రైటన్‌లో రాజుగారి పాత విలాస భవనం, రాయల్ పెవిలియన్, ఆసుపత్రి అయింది. గుమ్మటాలతో, చైనా బొమ్మలతో ఉండే ఆ భవనంలో మన మతాలకూ కులాలకూ తగ్గట్టు తొమ్మిది వంటశాలలు ఏర్పాటు చేశారు. ఇది స్వర్గమే, రాజుగారు మా కోసం తన మేడ ఇచ్చాడు అని రాసినవాళ్లు చాలామంది. అదే ఊళ్లోని కిచెనర్ ఆసుపత్రిలో పడ్డవాళ్ల జాబులు చూస్తే కథ తిరగబడుతుంది. చుట్టూ ముళ్లకంచె, బయట అడుగు పెట్టనివ్వరు, ఇది ఆసుపత్రో జైలో తెలియడం లేదన్న గోడు. రాజభక్తి రాతలన్నీ సెన్సారును మెప్పించడానికే అని కొందరు పండితులు తీసిపారేస్తారు. ఇంకొందరు అక్షరం అక్షరం నమ్మేస్తారు. రెండూ తొందరపాటే అని నా నమ్మకం. ఉప్పు తిన్నవాడు ఉప్పుకు కట్టుబడాలన్న మాటను ఆ మనుషులు మనసారా నమ్మారు. తమను మోసం చేశారన్న బాధ కూడా అదే మనసులో ఉంది. ఒకే మనిషి, ఒకే కాగితంలో, రెండూ రాయించాడు.

ఆ బాధ దేని గురించి? చలి గురించీ కాదు, తిండి గురించీ కాదు. ఒకసారి గాయపడ్డవాణ్ణి నయం కాగానే మళ్లీ కందకాలకు పంపేయడం. గాయమైతే ఇంటికి పంపుతారని సిపాయిలు నమ్ముకుని వచ్చారు. మళ్లీ పంపుతున్నారని తెలిసేసరికి, 1915 వేసవి ఉత్తరాల్లో ఈ మొర హోరెత్తింది. బెల్జియంలోని ఈప్ర దగ్గర ఏప్రిల్ 26న విషవాయువు మధ్య తోటివాళ్లను మోసుకొచ్చి విక్టోరియా క్రాస్ పొందిన జమాదారు మీర్ దస్త్‌కు, బ్రైటన్‌లో రాజే స్వయంగా పతకం తొడిగాడు. ఏం కావాలో అడగమంటే, ఒకసారి గాయపడ్డవాణ్ణి మళ్లీ యుద్ధానికి పంపవద్దని అడిగాడని సిపాయిలు ఒకరికొకరు రాసుకున్నారు. అతని సొంత తమ్ముడు మీర్ మస్త్ అదే ఏడాది మార్చిలో కందకం దాటి జర్మన్ల వైపు వెళ్లిపోయాడన్నది ఈ కథకు రెండో ముఖం. 1915 చివరికల్లా పదాతి దళాలను ఫ్రాన్సు నుంచి ఎత్తేసి మెసపొటేమియాకు తరలించారు. గుర్రపు దళాలు 1918 దాకా ఉండిపోయాయి. ఈ నిర్ణయాల వెనక హోవెల్ నివేదికలు ఎంతవరకు పనిచేశాయో తూచి చెప్పడం కష్టం గానీ, సిపాయి గోడు వినబడలేదని మాత్రం ఎవరూ అనలేరు. వారం వారం వినబడింది.

మెసపొటేమియా అనగానే ఇంకో రకం ఉత్తరాల గురించి చెప్పాలి. ఇవి సర్కారు బీరువాలో దొరికినవి కావు.

కెప్టెన్ కల్యాణ్ కుమార్ ముఖర్జీ కలకత్తా డాక్టరు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, టౌన్‌షెండ్ నడిపిన ఆరో డివిజన్ వెంట బస్రా నుంచి టైగ్రిస్ నది పొడవునా వెళ్లాడు. చదువుకున్నవాడు, తన చేత్తో తానే, బెంగాలీలో, తల్లికి రాశాడు. గాయపడ్డవాళ్లు కట్టు కట్టే దిక్కు లేక ఎలా పడి ఉన్నారో, తాను ఒక్కడూ ఎంతమందినని చూడగలడో రాశాడు. 1915 అక్టోబరులో రాసిన ఒక ఉత్తరంలో ఇంకా ముందుకెళ్లాడు. ఈ నెత్తుటికంతటికీ మూలం దేశభక్తి అన్నాడు. దేశభక్తి పేరిట పక్కవాడి నేల లాక్కోవడం అనే పాఠం ఇంగ్లండు నేర్పిందని, మనవాళ్లూ దాన్నే ఒంటబట్టించుకుంటున్నారని తల్లికి చెప్పుకున్నాడు. బ్రిటిష్ యూనిఫాం వేసుకున్న మనిషి, యుద్ధభూమిలో, అమ్మకు! ఆ తర్వాతి నెలలో టెసిఫాన్ దగ్గర ఓటమి, తర్వాత కూట్‌లో 147 రోజుల ముట్టడి, గుర్రాలను కోసుకు తిన్న ఆకలి, 1916 ఏప్రిల్ 29న లొంగుబాటు. తుర్కీల చేతిలో బందీగా ఎడారిలో రాస్ అల్ ఐన్ చేరిన ముఖర్జీ, 1917లో అక్కడే జ్వరంతో పోయాడు.

ఆ ఉత్తరాలు మనకు దక్కడానికి కారణం ఒక ఎనభై ఏళ్ల ముసలావిడ. ఆయన అవ్వ మోక్షదాదేవి. ఈవిడ మామూలు అవ్వ కాదు. 1870లోనే ‘బంగ మహిళ’ అనే స్త్రీల పత్రిక నడిపిన కవయిత్రి, కాంగ్రెస్ తొలి అధ్యక్షుడు డబ్ల్యు.సి. బెనర్జీకి తోబుట్టువు. మనవడు రాసిన జాబులను పోగుచేసి, వాటి చుట్టూ యుద్ధ కథ అల్లి 1928లో ‘కల్యాణ్ ప్రదీప్’ అనే పుస్తకం వేసింది. ఇంట్లో అచ్చు సంగతి తెలిసిన మనిషి ఉంటే ఏమవుతుందో అదే జరిగింది. పంజాబులోని రైతు తల్లికి ఆ వీలు లేదు.

మరి మనవాళ్ల మాటేమిటి? ఈ ధారావాహిక మొదలైన నాటి నుంచీ పాఠకులు అడుగుతున్న ప్రశ్న ఇది.

ఫ్రాన్సు దస్త్రాల్లో వినిపించే గొంతులు దాదాపు అన్నీ పంజాబువి, గఢ్వాల్‌వి, రాజపుతానావి, సరిహద్దు పఠాన్లవి. దానికి కారణం బులోన్‌లో లేదు, అంతకు ముప్పై ఏళ్ల ముందు మద్రాసులో ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చేశాడు. తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాక యోధజాతులన్న సిద్ధాంతాన్ని నెత్తినెక్కించుకున్నాడు. కర్ణాటక యుద్ధాల కాలం నుంచి కంపెనీకి నెత్తురు ధారపోసిన తెలుగు పటాలాలను ఆ తర్వాత వరసగా తగ్గించుకుంటూ వచ్చారు. 1914 నాటికి మనవాళ్లు ఎక్కువగా మిగిలింది మద్రాసు సాపర్లలో, పయనీర్లలో, కర్ణాటిక్ పదాతి దళాల్లో. వంతెనలు కట్టడం, బాటలు వేయడం, కందకాలు తవ్వడం వాళ్ల పని. మెసపొటేమియాలో, తూర్పు ఆఫ్రికాలో వాళ్లు పనిచేశారు. నిజాం ఇంపీరియల్ సర్వీసు లాన్సర్లు సూయజ్ కాలువ దగ్గరా పాలస్తీనాలోనూ ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు. మొదటి యుద్ధానికే ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

వాళ్లూ ఇంటికి రాసే ఉంటారు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టే ఉంటారు. ఆ జాబులు ఏ హోవెల్ బల్ల మీదా పడలేదు. పడి ఉంటే ఇంగ్లీషులోనైనా నాలుగు వాక్యాలు మిగిలేవి. పైగా మన ఇళ్లలో చావు కబురు మోసుకొచ్చిన కాగితాన్ని చదివిన మరుక్షణం చించేసే ఆచారం ఉండేది. పోయినవాడి గురించి వచ్చిన ఆఖరి జాబు, దేన్నయితే చరిత్రకారుడు మొట్టమొదట వెతుకుతాడో, దాన్ని ఇంట్లో ఉండనిచ్చేవారు కాదు.

మనకు దొరికేవి పతకాలు. యుద్ధం అయ్యాక ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. సిపాయికి వెండిది, సామాన్లు మోసిన కూలీకీ వంటవాడికీ కంచుది. పాత పెట్టె అడుగున కంచు పతకం కనబడితే తక్కువదని పక్కన పడేయకండి. ఆ అంచును భూతద్దం పెట్టి చదవండి. నంబరూ పటాలం పేరూ దొరికితే, ఆ పటాలం ఏ ఏడాది ఏ రేవులో ఓడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నది దాని డైరీల్లోంచి పట్టుకోవచ్చు. అటువంటి పతకాల ఫొటోలు పంపిన పాఠకుల కోసం పదకొండో భాగాన్ని మొత్తం మద్రాసు సాపర్లకే కేటాయిస్తున్నాను.

వచ్చే వారం బెర్లిన్‌కు దక్షిణాన ఉన్న వున్స్‌డార్ఫ్ బందీల శిబిరానికి వెళదాం. అక్కడ జర్మన్ పండితులు మన సిపాయిల చేత జాబులు రాయించలేదు. గ్రామఫోను గొట్టం ముందు నిలబెట్టి మాట్లాడించారు. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి అందులో తన ఊరి వెన్న గురించి చెప్పుకున్నాడు. ఆ గొంతు ఇప్పటికీ వినొచ్చు.

(ఇంకా ఉంది)